వెబ్ మ్యాప్ కట్టేముందు లైసెన్సులు ఎలా చూసుకోవాలి

2020 డిసెంబరులో, వెబ్ పేజీలో మ్యాప్ చూపించే జావాస్క్రిప్ట్ లైబ్రరీ మ్యాప్‌బాక్స్ జీఎల్ జేఎస్ రెండో వెర్షన్ వచ్చింది. అంతకుముందు, అంటే 1.13 దాకా, అది పెద్దగా షరతుల్లేని బీఎస్‌డీ లైసెన్స్ కింద ఉండేది. ఎవరైనా తీసుకుని, మార్చుకుని, సొంత టైల్స్ (మ్యాప్‌ను చదరాలుగా కోసిన ముక్కలు) పెట్టుకుని వాడుకునేవాళ్లు. రెండో వెర్షన్ నుంచి అది ఓపెన్ సోర్స్ కాదు. మ్యాప్‌బాక్స్ ఖాతా ఉండాలి, ఆ ఖాతాను గుర్తించే టోకెన్ పెట్టాలి, పేజీలో మ్యాప్ తెరుచుకున్న ప్రతిసారీ అది మీ లెక్కలో పడుతుంది. టైల్స్ మీ సొంత సర్వర్ నుంచి వస్తున్నా సరే. కోడ్ మాత్రం గిట్‌హబ్‌లో ఎప్పటిలాగే అందరికీ కనిపిస్తూ ఉంటుంది. పేరు మారలేదు, ఇన్‌స్టాల్ చేసే కమాండ్ కూడా మారలేదు.

కాబట్టి "ఫలానా లైబ్రరీ ఫ్రీయేనా?" అని ఎవరైనా అడిగితే, ఏ వెర్షన్ అని తిరిగి అడగాలి. లైసెన్స్ ఉండేది వెర్షన్‌కు. పైగా మ్యాప్ పేజీ ఒక్క లైబ్రరీతో తయారవదు. దాని మీద రాపర్ (రియాక్ట్ లాంటివాటిలో వాడుకోవడానికి పైన తొడిగే కోడ్), చుట్టూ ప్లగిన్లు, కింద టైల్స్, ఆ టైల్స్ వెనక డేటా, పేర్లు రాయడానికి ఫాంట్లు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో లైసెన్స్. సాధారణంగా మనం చూసేది మొదటిదాన్నే, ఇబ్బంది మాత్రం మిగతావాటి నుంచి వస్తుంది.

మీరు కంపెనీ ప్రాడక్ట్ కోసమో, క్లయింట్ కోసమో మ్యాప్ కడుతున్నారనుకుని ఇది రాస్తున్నాను. కాలేజీ ప్రాజెక్ట్ అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు, కానీ ఆ ప్రాజెక్టే రేపు స్టార్టప్ అవుతుందనుకుంటే ఇప్పుడే చూసుకోవడం మంచిది.

1. పొరలన్నీ ఒకచోట రాయండి

కోడ్ మొదలుపెట్టక ముందే ఒక షీట్ తెరవండి. బ్రౌజర్ లైబ్రరీ, రియాక్ట్ లేదా యాంగ్యులర్ రాపర్, ప్లగిన్లు, మ్యాప్ సర్వర్, డేటాబేస్, బేస్ టైల్స్, సరిహద్దుల డేటా, అడ్రస్ వెతికే సర్వీస్, ఫాంట్లు, ఐకాన్లు, పీడీఎఫ్ ప్రింట్, పక్కన వేసే చార్టులు. ప్రతిదాని ఎదుటా వెర్షన్, లైసెన్స్, ఎక్కడ నడుస్తుంది, ఎవరి చేతికి వెళ్తుంది అని నాలుగు గడులు పెట్టండి. చివరి రెండు గడులు చాలామంది పెట్టుకోరు. నిజానికి అసలు నిర్ణయం వాటి మీదే ఆధారపడుతుంది.

2. కోడ్ ఎవరి చేతికి వెళ్తుందో తేల్చండి

కోడ్ ఇంకొకరికి ఇస్తే సోర్స్ కూడా ఇవ్వమనే జీపీఎల్ లైసెన్స్ పేరు వినగానే కొందరు భయపడి పారిపోతారు, కొందరు అసలు పట్టించుకోరు. రెండూ సరికాదు. జీపీఎల్ షరతులు ప్రధానంగా మీరు ఆ కోడ్‌ను ఇంకొకరికి ఇచ్చినప్పుడు మొదలవుతాయి. మీ సర్వర్ మీద మీరే నడుపుకుంటే ఇచ్చినట్టు కాదు. బ్రౌజర్‌కు పంపే జావాస్క్రిప్ట్ మాత్రం ఇచ్చినట్టే. పేజీ తెరిచిన ప్రతి ఒక్కరి మెషీన్‌లోకీ దాని కాపీ దిగుతుంది.

సర్వర్ నుంచి మ్యాపులు అందించే జియోసర్వర్‌ను తీసుకుందాం. దాని లైసెన్స్ జీపీఎల్. మీరు దాన్ని మార్చకుండా నడుపుతూ, మీ పేజీ నుంచి డబ్ల్యూఎంఎస్ (మ్యాప్ బొమ్మలు అడిగే ప్రామాణిక పద్ధతి) రిక్వెస్టులు పంపి బొమ్మలు తెచ్చుకుంటే మీ పేజీ కోడ్‌కు ఆ జీపీఎల్ అంటదు. మ్యాప్ డేటా దాచుకునే పోస్ట్‌జీఐఎస్ కూడా జీపీఎల్లే, దాన్ని డేటాబేస్‌గా వాడుకున్నంత మాత్రాన మీ అప్లికేషన్ సోర్స్ బయటపెట్టనక్కర్లేదు. అదే మీరు జియోసర్వర్ లోపల, దాని క్లాసుల్ని వాడుకుంటూ, సొంత ఎక్స్‌టెన్షన్ రాశారనుకోండి. అది మీ సర్వర్ దాటనంతవరకూ ఫర్వాలేదు. ఎప్పుడైతే ఆ మొత్తాన్ని క్లయింట్ డేటా సెంటర్‌లో ఇన్‌స్టాల్ చేసి చేతికిచ్చారో, ఆ క్షణం నుంచి క్లయింట్‌కు జీపీఎల్ కింద సోర్స్ ఇవ్వాలి. ప్రపంచానికంతా ఇవ్వక్కర్లేదు, అందుకున్నవాళ్లకు ఇస్తే చాలు. అయితే వాళ్లు దాన్ని ఇంకొకరికి ఇచ్చుకుంటే మీరు ఆపలేరు.

సర్వీసెస్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ ఇంకో కాగితం కూడా చదవాలి: కాంట్రాక్టు. "డెలివర్ చేసిన సోర్స్ మొత్తంపై సర్వహక్కులూ క్లయింట్‌వే" అనే వాక్యం చాలా ఒప్పందాల్లో ఉంటుంది. మీది కాని జియోసర్వర్ మీద, ఓపెన్‌లేయర్స్ అనే మ్యాప్ లైబ్రరీ మీద హక్కులు మీరెలా రాసిస్తారు? సంతకానికి ముందే "మూడో పార్టీ ఓపెన్ సోర్స్ భాగాలు వాటి వాటి లైసెన్సులకే లోబడి ఉంటాయి" అని ఒక లైన్ చేర్పించి, ఆ భాగాల జాబితాను అనుబంధంగా జతచేయించండి. మొదట రాసిన షీట్ ఇక్కడ నేరుగా పనికొస్తుంది. పెద్ద కాంట్రాక్టయితే ఈ ఒక్క క్లాజు కోసమైనా లాయర్‌కు చూపించడం దండగ కాదు.

ఏజీపీఎల్ సంగతి వేరు. సర్వర్ మీదే నడుస్తోంది కదా అన్న వాదన అక్కడ చెల్లదు. మార్చిన కోడ్‌ను నెట్‌వర్క్ ద్వారా వాడేవాళ్లకు కూడా సోర్స్ అందుబాటులో పెట్టమంటుంది. వెబ్ మ్యాపుల్లో ఇది ఎక్కువగా ప్రింట్ బటన్ వెనక ఎదురవుతుంది. జావా సర్వర్ మీద మ్యాప్‌ను పీడీఎఫ్‌గా మార్చడానికి వాడే ఐటెక్స్ట్ లైబ్రరీ 5వ వెర్షన్ నుంచి ఏజీపీఎల్, లేదంటే డబ్బు కట్టి కమర్షియల్ లైసెన్స్ తీసుకోవాలి. పాత కోడ్ నుంచి విడిపోయిన ఓపెన్‌పీడీఎఫ్ ఇంతకంటే సడలింపున్న ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్ లైసెన్సుల కింద దొరుకుతుంది. బ్రౌజర్‌లోనే పీడీఎఫ్ చేసుకుంటే చాలనుకుంటే జేఎస్‌పీడీఎఫ్ ఉంది, దానిది బీఎస్‌డీ లాగే తేలికైన ఎంఐటీ లైసెన్స్.

ఎల్‌జీపీఎల్ గురించి ఒక మాట. ఆకారాల లెక్కలు చేసే జియోస్ లాంటి ఎల్‌జీపీఎల్ సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ సర్వర్ మీద విడి ఫైల్‌గా ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. దాన్నే వెబ్‌అసెంబ్లీగా (బ్రౌజర్‌లో నడిచే రూపం) మార్చి మీ బండిల్‌లో (పేజీ కోడ్ అంతా కట్టిన ఫైల్) కలిపేసి బ్రౌజర్‌కు పంపితే, వాడకందారు ఆ భాగాన్ని మార్చుకునే వీలు ఉంచాలన్న షరతు ముందుకొస్తుంది. విడి ఫైల్‌గానే లోడ్ చేస్తే తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.

3. ప్రధాన లైబ్రరీ

ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. లీఫ్‌లెట్, ఓపెన్‌లేయర్స్ రెండూ బీఎస్‌డీ 2-క్లాజ్. మ్యాప్‌బాక్స్ 1.13 దగ్గర విడిపోయి పుట్టిన మ్యాప్‌లిబ్రే జీఎల్ జేఎస్ బీఎస్‌డీ 3-క్లాజ్. త్రీడీ కావాలంటే సీజియం జేఎస్ అపాచీ 2.0, డెక్ జీఎల్ ఎంఐటీ. దూరాలు, విస్తీర్ణాల లెక్కలకు టర్ఫ్ ఎంఐటీ. ఏది తీసుకున్నా మీ కోడ్ మూసి ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. సీజియంతో మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: లైబ్రరీ ఓపెనే, కానీ డిఫాల్ట్‌గా చూపించే ఉపగ్రహ చిత్రాలు సీజియం అయాన్ సర్వీస్ నుంచి వస్తాయి. ఆ సర్వీస్‌కు వేరే షరతులు, వేరే టోకెన్.

తెలుగు లేబుళ్లు ముఖ్యమైతే లైసెన్స్‌తో పాటు ఇంకో పరీక్ష కూడా పెట్టండి. మ్యాప్‌లిబ్రే తరహా లైబ్రరీలు ఒక్కో యూనికోడ్ అక్షరానికి ఒక్కో బొమ్మ తెచ్చుకుని వరుసగా పేరుస్తాయి. ఇంగ్లిష్‌కు అది సరిపోతుంది. మనకు సరిపోదు. "సిద్దిపేట"లో ఒత్తు పక్కకు జరుగుతుంది, "శ్రీకాకుళం"లో శ్రీ ముక్కలవుతుంది. అప్పుడు సర్వర్ మీద మ్యాప్‌నిక్ అనే టూల్‌తో రాస్టర్ టైల్స్ (రెడీమేడ్ బొమ్మలు) గీయించుకుని లీఫ్‌లెట్‌లో చూపడం ఒక దారి. మ్యాప్‌నిక్ ఎల్‌జీపీఎల్, సర్వర్ మీదే ఉంటుంది కాబట్టి చిక్కు లేదు. ఫాంట్‌గా నోటో సాన్స్ తెలుగు పెట్టుకోవచ్చు. అది ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది, ఫాంట్‌ను విడిగా అమ్ముకోకూడదన్నదే అందులో ముఖ్యమైన షరతు.

4. రాపర్లు, ప్లగిన్లు ఒక్కొక్కటే తెరిచి చూడండి

అసలు గొడవలు పుట్టేది ఇక్కడ. రియాక్ట్ టీమ్‌లు కళ్లు మూసుకుని పెట్టేసే రియాక్ట్-లీఫ్‌లెట్ రెండో వెర్షన్ దాకా ఎంఐటీ. మూడో వెర్షన్ నుంచి హిప్పోక్రటిక్ లైసెన్స్. మానవ హక్కులకు హాని చేసే పనులకు వాడకూడదన్నది దాని సారం. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఆమోదించిన లైసెన్సుల్లో అది లేదు, కంపెనీల లీగల్ టీమ్‌లు దాన్ని చూడగానే ఎర్రజెండా ఊపుతాయి. లీఫ్‌లెట్ స్వయంగా బీఎస్‌డీయే కాబట్టి, రాపర్ లేకుండా ఒక చిన్న కాంపొనెంట్‌లో మీరే మ్యాప్‌ను మొదలుపెట్టుకోవచ్చు. అరవై డెబ్బై లైన్ల పని. నా ఓటు దానికే.

ఇది కొత్త కథ కాదు. 2008 ఏప్రిల్‌లో ఎక్స్‌ట్ జేఎస్ అనే వెబ్ పేజీల లైబ్రరీ 2.1 వెర్షన్‌తో లైసెన్స్ జీపీఎల్ 3కు మారింది, లేదా డబ్బు కట్టాలి. ఆ తర్వాత వచ్చిన జియోఎక్స్‌ట్ అనే మ్యాప్ టూల్‌కిట్ తన మట్టుకు తాను బీఎస్‌డీ. కానీ ఎక్స్‌ట్ జేఎస్ లేకుండా అది అడుగు వేయదు. బీఎస్‌డీ అని నమ్మి తీగ లాగితే జీపీఎల్ డొంకంతా కదిలేది. కాబట్టి ప్లగిన్ లైసెన్స్‌తో ఆగకుండా, అది దేని మీద నిలబడిందో కూడా చూడండి.

చూసే పద్ధతి ఇదీ. ముందు రిపోలో (ఆ కోడ్ దాచిన చోటు) మీరు వాడబోయే వెర్షన్ ట్యాగ్‌కు వెళ్లి లైసెన్స్ ఫైల్ తెరవండి. మెయిన్ బ్రాంచ్‌లో ఉన్నది రేపటి వెర్షన్‌ది కావచ్చు. తర్వాత ప్యాకేజ్ డాట్ జేసన్‌లో లైసెన్స్ అన్న వరుస చూడండి. అక్కడ ఎంఐటీ, బీఎస్‌డీ లాంటి పేరు బదులు "లైసెన్స్ కోసం ఫలానా ఫైల్ చూడండి" అన్న అర్థంలో వాక్యం ఉంటే ఆగిపోయి ఆ ఫైల్ పూర్తిగా చదవండి. మ్యాప్‌బాక్స్ రెండో వెర్షన్ తర్వాత అక్కడ ఉన్నది సరిగ్గా అదే. ఎన్‌పీఎం లైసెన్స్-చెకర్, పైథాన్ అయితే పిప్-లైసెన్సెస్ లాంటి టూల్స్ మీరు వాడే ప్యాకేజీల మొత్తం చెట్టును ఒకేసారి జాబితా చేసి పెడతాయి. ఆ జాబితాలో "అన్‌లైసెన్స్", "అన్‌లైసెన్స్‌డ్" అని రెండు కనిపించవచ్చు. మొదటిదాని రచయిత హక్కులన్నీ వదిలేశాడు, రెండోదాని రచయిత మీకు ఏ హక్కూ ఇవ్వలేదు. చివర ఒక్క అక్షరం తేడాతో రెండూ పూర్తిగా ఎదురుబొదురు.

లైసెన్స్ ఫైలే లేకపోతే? లీఫ్‌లెట్ ప్లగిన్లలో ఇలాంటివి తగులుతూనే ఉంటాయి, ఎవరో ఒక వీకెండ్ రాసి వదిలేసినవి. రిపో పబ్లిక్‌గా ఉంది కదా అని వాడుకోవచ్చనుకోకండి. లైసెన్స్ లేదంటే కాపీరైట్ మొత్తం రచయితదే. మర్యాదగా ఒక ఇష్యూ తెరిచి "ఎంఐటీ లైసెన్స్ ఫైల్ చేర్చగలరా?" అని అడగండి. చాలామంది సంతోషంగా చేరుస్తారు. జవాబు రాకపోతే వదిలేసి మరొకటి వెతుక్కోవాలి.

మ్యాప్ పక్కన వేసే చార్టు కూడా ఇందులో భాగమే. హైచార్ట్స్ చూడటానికి ఉచితంలా అనిపిస్తుంది, వాణిజ్య వాడకానికి లైసెన్స్ కొనాలి. ఈచార్ట్స్ అపాచీ 2.0, చార్ట్ జేఎస్ ఎంఐటీ.

5. టైల్స్, డేటా

కోడ్ లైసెన్స్ ఎంత శుభ్రంగా ఉన్నా, దానిలో చూపించే మ్యాప్ మీది కాదు.

లీఫ్‌లెట్ ట్యుటోరియల్‌లో ఉన్న, జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టైల్ లింకును అలాగే ప్రొడక్షన్‌కు పంపేసే అలవాటు మానుకోండి. ఆ సర్వర్లు విరాళాల మీద నడుస్తాయి. వాడకం ఎక్కువైతే ముందుగా చెప్పకుండానే ఆపేసే హక్కు వాళ్లకుంది, ఆఫ్‌లైన్ కోసం టైల్స్ గుత్తగా దించుకోవడం నిషేధం. అడ్రస్ వెతికే నామినాటిమ్ పబ్లిక్ సర్వర్‌కు గరిష్ఠ పరిమితి సెకనుకు ఒక్క రిక్వెస్ట్. అంటే టైప్ చేసే ప్రతి అక్షరానికీ దాన్ని పిలిచే సెర్చ్ బాక్స్ పెట్టకూడదు. డబ్బు కట్టే టైల్ సర్వీస్ తీసుకోండి, లేదా టైల్స్ అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టే పీఎంటైల్స్ లాంటి ఫార్మాట్‌లో సొంతంగా పెట్టుకోండి.

గూగుల్ శాటిలైట్ టైల్స్ చిరునామాను నేరుగా లీఫ్‌లెట్ లేయర్‌లో పెట్టేసే కోడ్ ముక్క ఇంటర్నెట్ నిండా దొరుకుతుంది. పని చేస్తుంది కూడా. కానీ గూగుల్ నిబంధనల ప్రకారం తమ ఏపీఐ ద్వారా తప్ప ఆ టైల్స్ తీసుకోకూడదు. డెమోలో క్లయింట్ మెచ్చుకున్న ఆ లేయర్ లాంచ్ తర్వాత తీసేయాల్సి వస్తే ఇబ్బంది, కాబట్టి డెమోలోనే పెట్టకండి. గూగుల్ జియోకోడింగ్‌తో (అడ్రస్‌ను మ్యాప్ మీద పాయింట్‌గా మార్చే సర్వీస్) తెచ్చిన పాయింట్లను గూగుల్‌ది కాని మ్యాప్ మీద చూపడం కూడా కుదరదు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా 2012 సెప్టెంబరు నుంచి ఓడీబీఎల్ అనే డేటాబేస్ లైసెన్స్ కింద ఉంది. చాలామందికి ఇందులో ఒక్క భయం: మా డేటా కూడా బయటపెట్టాలా? ఆ మ్యాప్ మీద మీ రేషన్ షాపుల లేయర్‌ను విడిగా వేసి చూపితే మీ లేయర్ మీదే, ఎవరికీ ఇవ్వక్కర్లేదు. అదే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆసుపత్రుల జాబితా దించుకుని, దానిలో తప్పులు దిద్ది, మీ దగ్గరున్న ఆసుపత్రులు అందులోనే కలిపి ఒకే టేబుల్ చేసి జనానికి చూపించారంటే, అది వాళ్ల డేటాబేస్ నుంచి పుట్టిన డేటాబేస్. అడిగినవాళ్లకు ఓడీబీఎల్ కిందే ఇవ్వాలి. రెండిటినీ వేర్వేరు టేబుళ్లుగా, వేర్వేరు లేయర్లుగా ఉంచుకోవాలా అన్నది డేటాబేస్ డిజైన్ చేసే రోజే తేల్చుకోండి. కలిపేశాక విడదీయడం నరకం.

జిల్లాల సరిహద్దుల కోసం అందరూ దించుకునే గాడమ్ డేటా చదువులకు, వాణిజ్యేతర పనులకే ఉచితం. ముందస్తు అనుమతి లేకుండా వాణిజ్యానికి వాడకూడదు, మళ్లీ పంచకూడదు. జియోజేసన్‌గా (బ్రౌజర్ చదివే మ్యాప్ డేటా ఫార్మాట్) మార్చి బ్రౌజర్‌కు పంపడం పంచడమే కదా. అలాంటి డేటానే ఇచ్చే జియోబౌండరీస్, పేరు చెబితే వాడుకోనిచ్చే సీసీ బై కింద ఉంది, కొంత నయం. కానీ ఏది తీసుకున్నా తేదీ చూడండి. తెలంగాణ జిల్లాలు 2014లో 10, 2016 అక్టోబరులో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. లైసెన్స్ బాగుండి మ్యాప్‌లో ములుగు లేకపోతే ఏం లాభం?

లైసెన్స్ కాకపోయినా, భారతదేశంలో ప్రచురించే మ్యాప్ అయితే దేశ సరిహద్దు సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులకు అనుగుణంగా ఉండాలి. లేకపోతే 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం ప్రకారం అది నేరం. పబ్లిక్ డొమైన్‌లో ఉన్న నేచురల్ ఎర్త్ డేటా మామూలు ఫైల్‌లో ఆచరణలో ఉన్న సరిహద్దులే ఉంటాయి, భారత దృక్కోణంతో చేసిన ఫైల్ విడిగా ఉంది. దాన్ని దించుకుని, సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్‌తో పోల్చి చూసుకుని వాడండి.

6. పేర్లు వేయాల్సిన చోట వేయండి

లీఫ్‌లెట్ మ్యాప్ కుడి కింది మూలలో రెండు రకాల పేర్లు ఉంటాయి. "లీఫ్‌లెట్" అన్నది లైబ్రరీ ప్రచారం, తీసేసినా బీఎస్‌డీ అడ్డు చెప్పదు. "ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్స్" అన్నది డేటా షరతు, అది ఉండాల్సిందే. డిజైనర్లు నీట్‌గా ఉంటుందని రెండూ కలిపి దాచేయమంటారు. ఒప్పుకోకండి. ఓపెన్‌మ్యాప్‌టైల్స్ స్కీమాతో (టైల్స్ లోపలి డేటా అమరిక) టైల్స్ చేసుకుంటే ఆ పేరు కూడా పక్కన రావాలి.

బీఎస్‌డీ, ఎంఐటీ ప్రధానంగా అడిగేది: కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం పోకూడదు. బండిల్ చేసేటప్పుడు పోయేది సరిగ్గా అదే. లీఫ్‌లెట్ ఫైల్ పైన ఆగాఫోంకిన్, క్లౌడ్‌మేడ్ పేర్లతో ఒక కామెంట్ ఉంటుంది. బండిల్ కట్టే వెబ్‌ప్యాక్ దాన్ని తీసి బండిల్ పక్కన లైసెన్స్ డాట్ టీఎక్స్‌టీ అన్న చిన్న ఫైల్‌లో పెడుతుంది. డిప్లాయ్ స్క్రిప్ట్ జేఎస్, సీఎస్ఎస్ మాత్రమే కాపీ చేస్తే ఆ ఫైల్ బిల్డ్ మెషీన్‌లోనే ఉండిపోతుంది. కొన్ని బండ్లర్లు కామెంట్‌ను పూర్తిగా తుడిచేస్తాయి కూడా. సైట్‌లో "ఓపెన్ సోర్స్ లైసెన్సులు" అని ఒక పేజీ పెట్టి, బిల్డ్ సమయంలోనే దాన్ని తయారయ్యేలా చేసుకుంటే ఈ గోల ఉండదు. అపాచీ లైబ్రరీలకు నోటీస్ ఫైల్ ఉంటే అందులోని మాటలు కూడా అక్కడే.

7. వెర్షన్ పెంచేటప్పుడు మళ్లీ చూడండి

మ్యాప్‌బాక్స్ ఇంకా 1.13 మీద ఉన్న పాత ప్రాజెక్టు మీ చేతికొచ్చిందనుకోండి. ప్యాకేజ్ ఫైల్‌లో క్యారెట్ (^) గుర్తుతో 1.13 ఉంటే అది దానంతటది రెండుకు దూకదు. కొత్తగా చేరిన ఎవరో పేరు మాత్రం కొట్టి ఇన్‌స్టాల్ చేసినప్పుడో, వెర్షన్లు పెంచే బాట్ తెచ్చిన మార్పును చూడకుండా మెర్జ్ చేసినప్పుడో దూకుతుంది. ఆపడం తేలికే. బిల్డ్‌లో లైసెన్స్-చెకర్‌ను పెట్టి అనుమతించిన లైసెన్సుల జాబితా ఇవ్వండి: ఎంఐటీ, బీఎస్‌డీ రెండు రకాలు, ఐఎస్‌సీ, అపాచీ 2.0. ఇది కాక ఇంకేది కనిపించినా బిల్డ్ ఆగిపోవాలి. మొదటి వారం అందరూ తిట్టుకుంటారు, తర్వాత అలవాటవుతుంది.

ఎవరి చేతిలో ఉన్న ప్రాజెక్టో కూడా చూడండి. ఒక్క కంపెనీ డబ్బుతో, ఒక్క కంపెనీ ఉద్యోగులతో నడిచేదైతే లైసెన్స్ మారే అవకాశం ఎక్కువ. 2021లో ఎలాస్టిక్‌సెర్చ్, 2024లో రెడిస్ అలాగే మారాయి, మ్యాప్ సెర్చ్‌కూ, టైల్ క్యాష్‌కూ అవి మామూలుగా వాడేవే. ఓపెన్‌లేయర్స్ లాంటివి లాభాపేక్ష లేని ఓఎస్‌జియో ఫౌండేషన్ నీడలో ఉన్నాయి, అక్కడ రాత్రికి రాత్రి అలా మారడం కష్టం.

ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టులో తేడాలు బయటపడితే ఈ వరుసలో సరిచేయండి. ముందు దాచేసిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు తిరిగి పెట్టండి, అది పది నిమిషాల పని. తర్వాత అనుమతి లేని టైల్ లింకులు మార్చండి. ఆపైన బ్రౌజర్‌కు వెళ్తున్న జీపీఎల్, లైసెన్స్ లేని ప్లగిన్లు. మ్యాప్‌బాక్స్ 1.13 నుంచి మ్యాప్‌లిబ్రేకు మారడం వీటిలో అన్నిటికంటే భయపెట్టేలా కనిపిస్తుంది గానీ, మొదట మ్యాప్‌లిబ్రే 1 వేసుకుంటే చాలాచోట్ల ఇంపోర్ట్ పేర్లు, సీఎస్ఎస్ క్లాసుల పేర్లు మార్చడంతో సరిపోతుంది. స్టైల్ ఫైల్‌లో మ్యాప్‌బాక్స్ టైల్స్ చిరునామాలు ఉంటే వాటి బదులు వేరే టైల్స్ చూసుకోవాలి. సర్వర్ మీది ఏజీపీఎల్ పీడీఎఫ్ లైబ్రరీని మాత్రం ఒక స్ప్రింట్ ప్లాన్ చేసుకునే మార్చండి, ప్రింట్ లేఅవుట్లు మళ్లీ గీయాల్సి వస్తుంది.